గడప దాటనివ్వని మంచు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరం కొసన మాంటేగ్ అనే చిన్న పల్లె ఉంది. వంద మంది అటూఇటూగా ఉండే ఊరు. 1997 జనవరి 11, 12 తేదీల్లో అక్కడ 24 గంటల్లో 77 అంగుళాల మంచు పడినట్టు లెక్క నమోదైంది. అంటే దాదాపు ఆరున్నర అడుగులు, నిలబడ్డ మనిషి మునిగిపోయే లోతు. అంతకుముందు అమెరికాలో ఒక్కరోజులో పడిన మంచుకు రికార్డు 1921 ఏప్రిల్‌లో కొలరాడో కొండల్లో సిల్వర్ లేక్ దగ్గర పడిన 75.8 అంగుళాలు. అది బద్దలైందని దేశమంతా అనుకుంది. జాతీయ వాతావరణ సేవ నిపుణుల్ని పంపి విచారణ చేయించింది. కొలిచినవాళ్లు శ్రద్ధగానే కొలిచారని తేలింది, మోసమేమీ లేదు. అయినా రికార్డు ఇవ్వలేదు. 24 గంటల్లో నాలుగుసార్లకు మించి కొలవకూడదని నియమం. మాంటేగ్‌లో ఆరుసార్లు కొలిచారు.

ఎన్నిసార్లు కొలిస్తే ఏం, పడిన మంచు పడినంతే కదా అనిపిస్తుంది. వాన విషయంలో అది నిజమే. మంచు సంగతి వేరు. మంచు కొలిచేవాళ్లు తెల్ల రంగు వేసిన చెక్క పలకను ఆరుబయట పెడతారు. ఆరు గంటలకోసారి వెళ్లి దాని మీద స్కేలు నిలబెట్టి ఎత్తు రాసుకుంటారు. పలకను తుడిచి మళ్లీ కొత్త మంచు మీద పెడతారు. కొత్తగా పడిన మంచు తన బరువుకు తానే కుంగుతూ ఉంటుంది. ఆరు గంటలు ఆగితే ఆ కుంగుబాటు కూడా కొలతలోకి వస్తుంది. తొందరగా తుడిచేస్తే కుంగకముందే కొలిచినట్టు. అలా కొలిచినవి కలుపుకుంటూ పోతే మొత్తం పెరిగిపోతుంది. పలకను ఎన్నిసార్లు తుడిచారన్న దాన్నిబట్టి ఒకే మంచుకు రెండు లెక్కలు వస్తాయి.

ఎందుకంటే కొత్త మంచులో గాలే ఎక్కువ. ఘనమీటరు నీరు వెయ్యి కిలోలు తూగితే, ఘనమీటరు తాజా మంచు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది. ఇంటి చుట్టూ ఆరడుగుల మంచు పడిందంటే అందులో ఐదున్నర అడుగులు గాలి అన్నమాట. మంచు కురిసి పల్లెలో ఇంట్లో ఇరుక్కుపోయిన మనిషికి ఏం జరుగుతుందో, ఏది మేలు చేస్తుందో, ఏది ప్రాణం తీస్తుందో అర్థం కావాలంటే ఈ గాలి వెంటే నడవాలి. బయట పేరుకున్న మంచులో చిక్కుకున్న గాలి ఇంటిని కాపాడుతుంది. ఇంటి లోపలి గాలికి దారి మూసుకుపోతే మాత్రం అదే మంచు చంపుతుంది.

ముందు అంత మంచు అక్కడే ఎందుకు పడుతుందో చూద్దాం. మాంటేగ్ ఉన్న ప్రాంతాన్ని టగ్ హిల్ అంటారు. ఓంటారియో సరస్సుకు తూర్పున, సరస్సు మట్టం నుంచి ఐదువందల మీటర్లకు పైగా మెల్లగా లేచే పీఠభూమి అది. కొండ అని పేరున్నా శిఖరం ఉండదు. మేపుల్ చెట్ల అడవి, పాడి రైతుల పొలాలు, దూరం దూరంగా ఇళ్లు. ఏడాదికి సగటున 200 అంగుళాలకు మించి మంచు పడే చోట్లు అక్కడ చాలా ఉన్నాయి. 1976-77 చలికాలంలో హూకర్ అనే చోట 466.9 అంగుళాలు కొలిచారు. దాదాపు 39 అడుగులు! ఆ రాష్ట్రంలో ఒక చలికాలానికి అదే రికార్డు. 2007 ఫిబ్రవరిలో రెడ్‌ఫీల్డ్ అనే పల్లెలో పదిరోజుల్లోనే 141 అంగుళాలు పడింది.

ఇదంతా సరస్సు చేసే పని. నవంబరు వచ్చేసరికి కెనడా నుంచి ఎముకలు కొరికే పొడిగాలి తూర్పు దిక్కుగా వీస్తుంది. సరస్సు నీరు మాత్రం వేసవి వేడిని ఇంకా పూర్తిగా పోగొట్టుకోదు. సరస్సు ఉపరితలానికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులో ఉన్న గాలికీ 13 డిగ్రీల సెల్సియస్‌కు మించి తేడా ఉంటే మంచు కారఖానా మొదలవుతుందని అక్కడి వాతావరణ శాస్త్రజ్ఞుల కొండగుర్తు. చల్లగాలి అడుగు పొర నీటి వల్ల వేడెక్కి, ఆవిరిని నింపుకుని పైకి లేస్తుంది. పైన చల్లబడి మేఘం అవుతుంది. ఆవిరి నీరుగా, నీరు మంచుగా మారేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం ఆ గాలిని ఇంకా పైకి తోస్తుంది. అవతలి ఒడ్డు చేరేసరికి ఆ గాలి మోయలేనంత మంచుతో ఉంటుంది.

ఈ పని తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, తిరుపతి జిల్లాలను ముంచెత్తే ఈశాన్య రుతుపవనాలు ఇలాంటివే. భూభాగం మీద నుంచి బయల్దేరినప్పుడు పొడిగా ఉన్న గాలి బంగాళాఖాతం దాటి మన తీరానికి చేరేసరికి తడితో బరువెక్కుతుంది. మనకు సముద్రం, అక్కడ సరస్సు. మన తీరంలో వాన, టగ్ హిల్‌లో మంచు. జపాన్ పశ్చిమ తీరంలోనూ సైబీరియా గాలి జపాన్ సముద్రాన్ని దాటి వచ్చి ఇళ్లను మంచుతో ముంచేస్తుంది.

ఓంటారియో సరస్సు పడమర నుంచి తూర్పుకు మూడువందల కిలోమీటర్లకు పైగా పొడవు. గాలి సరిగ్గా ఆ పొడవు వెంట వీస్తే నీటి మీద ప్రయాణం ఎక్కువ, మోసుకొచ్చే తేమా ఎక్కువ. పైగా రెండు పక్కల ఒడ్డుల నుంచి చల్లని నేలగాలులు సరస్సు నడుమకు వచ్చి ఢీకొంటాయి. ఆ గీత వెంట గాలి బలంగా పైకి లేచి సన్నని మేఘపు పట్టీ ఏర్పడుతుంది. ఆ పట్టీ వెడల్పు ఇరవై, ముప్పై కిలోమీటర్లే ఉండొచ్చు. దాని కింద గంటకు మూడు, నాలుగు అంగుళాల మంచు, ఒక్కోసారి ఉరుములు మెరుపులతో సహా. పట్టీ దాటితే నీలాకాశం, ఎండ! పక్క ఊళ్లో పిల్లలు బడికి పోతుంటే ఈ ఊళ్లో తలుపు తెరుచుకోదు. గాలి కొద్దిగా దిక్కు మార్చుకుంటే పట్టీ పక్కకు జరుగుతుంది. మార్చుకోకపోతే ఒకే ఊరి మీద రోజుల తరబడి నిలబడుతుంది.

ఇక్కడ సరస్సు లోతు కూడా లెక్కలోకి వస్తుంది. పొరుగున ఉన్న ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే. గట్టి చలికాలంలో అది గడ్డకట్టేస్తుంది. మీద మంచుగడ్డ మూత పడితే ఆవిరి సరఫరా ఆగిపోతుంది. ఓంటారియో సగటు లోతు 86 మీటర్లు. అంత నీరు చల్లబడటానికి చలికాలం సరిపోదు. అందుకే టగ్ హిల్ మీద మార్చి దాకా మంచు కురుస్తూనే ఉంటుంది. 2013 డిసెంబరు, 2014 జనవరి నెలల్లో పలు విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ట్రక్కుల మీద రాడార్లు, పరిశోధక విమానం పెట్టుకుని అక్కడే మకాం వేసి ఈ మేఘాలను చీల్చి చూశారు. సరస్సు మీద ముక్కలుముక్కలుగా ఉండే మంచు జల్లు పీఠభూమి ఎక్కేసరికి వెడల్పుగా పరుచుకుని, ఎడతెగకుండా కురిసే మంచుగా మారుతుందని గమనించారు. జల్లు ఉధృతి అక్కడ పెరగదు, కురిసే సేపు పెరుగుతుంది.

భూమి వేడెక్కుతుంటే మంచు తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ సరస్సుల దగ్గర కథ అంత తేలిక కాదు. నీరు వెచ్చబడి, గడ్డకట్టడం ఆలస్యమయ్యేకొద్దీ ఆవిరి ఎక్కువ లేస్తుంది. 20వ శతాబ్దంలో సరస్సుల ప్రభావం ఉన్న చోట్ల హిమపాతం పెరిగిందని న్యూయార్క్‌లోని కోల్గేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లోనే ప్రచురించారు. ఇంకా వేడెక్కాక ఆ మంచులో కొంత వానగా మారుతుంది. ప్రస్తుతానికి మాత్రం తగ్గుతుందన్న భరోసా లేదు.

మంచులో అంత గాలి ఎలా చేరుతుందో తెలుసుకోవడానికి మంచు రేకు దగ్గరికి పోవాలి. ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు మంచులో కూరుకుపోయే పల్లెలోనే పుట్టాడు. వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే ఊళ్లో విల్సన్ బెంట్లీ పాడి రైతు. పదిహేనో ఏట తల్లి ఇచ్చిన సూక్ష్మదర్శినితో మంచు రేకుల్ని చూడటం మొదలెట్టాడు. కెమెరాను సూక్ష్మదర్శినికి బిగించి 1885 జనవరి 15న మొదటి మంచు స్ఫటికం ఫోటో తీశాడు. పొయ్యి లేని చలి కొట్టంలో పని. నల్లటి పలక మీద రేకుల్ని పట్టి, సన్నని పుల్లతో ఒకదాన్ని ఎత్తి గాజు పలక మీద పెట్టి, పక్షి ఈకతో మెల్లగా అద్దేవాడు. ఊపిరి తగిలితే కరిగిపోతుందని ఊపిరి బిగబట్టేవాడు. అలా జీవితకాలంలో ఐదు వేలకు పైగా ఫోటోలు తీశాడు. 1931లో అవి పుస్తకంగా వచ్చిన కొన్ని వారాలకే చనిపోయాడు. ఏ డిగ్రీ లేని రైతు ఇంతటి పని చేశాడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ రేకులకు అన్ని రూపాలు ఎందుకో చెప్పినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకాయా. 1936లో హొక్కైడో విశ్వవిద్యాలయంలోని చలిగదిలో ఒక కుందేలు వెంట్రుక మీద ప్రపంచంలోనే మొదటి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. ఉష్ణోగ్రత, తేమ మార్చుకుంటూ ఏ పరిస్థితికి ఏ ఆకారం వస్తుందో పట్టిక కట్టాడు. సున్నాకు రెండు డిగ్రీల దిగువన పలుచని బిళ్లలు, ఐదు దగ్గర సూదులు, పదిహేను దగ్గర కొమ్మలు రెమ్మలుగా విచ్చుకునే ఆరు కాళ్ల నక్షత్రాలు. సరస్సు మీద మేఘాలు చాలాసార్లు ఆ పదిహేను డిగ్రీల చలిలోనే ఉంటాయి. కాబట్టి టగ్ హిల్ మీద రాలేది కొమ్మలున్న నక్షత్రాలు. అవి ఒకదాని మీద ఒకటి పడి కొమ్మలు చిక్కుకుని ఆగిపోతాయి. మధ్యలో గాలి ఖాళీలు మిగులుతాయి. ఒక అంగుళం వాననీటితో మామూలుగా పది అంగుళాల మంచు అవుతుందంటారు. టగ్ హిల్ మీద అది ఇరవై, ముప్పై అంగుళాలు కావడం కూడా మామూలే.

ఆ ఖాళీల వల్లనే మంచు కురిసిన పొద్దున ఊరు మూగబోయినట్టు ఉంటుంది. గుల్లగా ఉన్న తాజా మంచు శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. కిటికీ సగం పూడిపోయినప్పుడు దానిగుండా నీలి వెలుగు వస్తుంది. మంచు ఎర్ర వెలుగును ఎక్కువగా పీల్చుకుని నీలాన్ని లోపలికి వదులుతుంది.

ఇక వేడి సంగతి. గట్టి మంచుగడ్డ గుండా వేడి ఎంత వేగంగా పోతుందో, కొత్త గుల్ల మంచు గుండా అందులో ఇరవై, ముప్పైయో వంతు కూడా పోదు. చిక్కుకుపోయిన గాలి కదలలేదు. కదలని గాలి వేడిని దాటనివ్వదు. బూరుగుదూది బొంతలో పనిచేసేది కూడా అదే. ఒకటిన్నర అడుగు మంచు కప్పుకున్న నేల, పైన సున్నాకు పాతిక డిగ్రీల దిగువన చలి ఉన్నా, సున్నా దగ్గరే నిలబడుతుంది. భూమిలో నుంచి మెల్లగా వచ్చే వేడి అక్కడ ఆగిపోతుంది. మంచు అడుగున ఆవిరి పైకి చేరుతూ ఉంటే కింది పొర పంచదార పలుకుల్లా వదులుగా మారుతుంది. వోల్ అనే చిట్టెలుకలు అందులో సొరంగాలు తవ్వుకుని చలికాలమంతా మేత మేస్తూ బతుకుతాయి. గ్రౌజ్ అనే అడవికోడి లాంటి పక్షి రాత్రుళ్లు నేరుగా మంచులోకి దూకి పడుకుంటుంది. రైతుల ఆల్ఫాల్ఫా గడ్డి వేళ్లు బతికేదీ ఈ కప్పు కిందే. ఆ ప్రాంతంలో మంచు లేని చలికాలమే పంటకు చెరుపు.

ఇళ్లకూ అంతే. మంచులో గోడల దాకా పూడిన ఇల్లు, గాలికి ఎదురు నిలబడ్డ ఇంటికంటే తక్కువ కట్టెలతో వెచ్చగా ఉంటుంది. అక్కడి పల్లెల్లో నీళ్ల గొట్టాలు నేలలో నాలుగడుగుల లోతున వేస్తారు. మంచు కప్పు ఉన్న చోట అవి గడ్డకట్టవు. కారు బయటికి తీయడానికి మంచు తవ్విపోసిన దారి కిందనే ముందు గడ్డకడతాయి! కప్పు తీసేసిన నేలలోకి చలి లోతుగా దిగుతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. గడ్డకూ, మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడే గొట్టాన్ని చీలుస్తుంది. చలి రాత్రి కుళాయిని సన్నని ధారగా వదలమని అక్కడి పెద్దలు చెప్పేది ఆ ఒత్తిడి పోవడానికే.

గాలి దుమారం లేస్తే మంచు స్వభావం మారిపోతుంది. నక్షత్రాల కొమ్మలు విరిగి పొడి అవుతాయి. ఆ పొడి గోడ పక్కన, తలుపు ముందు, చెట్ల వరస వెనక గాలి నెమ్మదించే చోట పేరుకుంటుంది. రేణువులు ఒకదానికొకటి తగిలిన చోట గంటల్లోనే అతుక్కుంటాయి. పొద్దునకు పార దిగని గట్టి దిబ్బ. 1977 జనవరి 28న ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫలో నగరాన్ని కప్పేసిన మంచు తుఫానులో కొత్తగా పడింది ఒక అడుగు మంచే. కానీ ఈరీ సరస్సు డిసెంబరులోనే గడ్డకట్టి, దాని మీద వారాల తరబడి పడిన మంచు పోగై ఉంది. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి దాన్నంతా ఊళ్లోకి ఊడ్చుకొచ్చింది. ఇరవై, ముప్పై అడుగుల దిబ్బలు లేచాయి. 29 మంది చనిపోయారు. అక్కడి జంతు ప్రదర్శనశాలలో రెయిన్‌డీర్లు ఆ దిబ్బ మీదుగా నడిచి కంచె దాటి బయటికి వెళ్లిపోయాయి. జంతువు బరువును ఆపగలిగేంత గట్టి మంచు అది. అలాంటి దిబ్బ బయటికి తెరుచుకునే తలుపుకు అడ్డం పడితే ఎంత తోసినా కదలదు. అక్కడి ఇళ్లలో ప్రధాన ద్వారం లోపలికి తెరుచుకునేలా పెట్టడం ఈ విధంగా కూడా మేలు.

ఇలా గట్టిపడిన మంచు ఇంటి కప్పు మీద ఉంటే లెక్కలు భయపెడతాయి. పది మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల పొడవు ఉన్న కప్పు మీద మీటరు మందం గుల్ల మంచు పన్నెండు టన్నుల దాకా తూగుతుంది. గాలి కొట్టి బిగించిన మంచు అయితే అదే మందానికి ముప్పై టన్నులు దాటుతుంది. పైన వాన పడితే మంచు ఆ నీటిని పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది. 2014 నవంబరులో బఫలో తూర్పు పల్లెల్లో, కౌల్స్‌విల్‌లో 88 అంగుళాలు పడినప్పుడు, పశువుల కొట్టాల కప్పులు కూలాయి. పాల ట్యాంకర్లు రాలేక రైతులు పాలు పారబోసుకున్నారు. ఆవుకు సెలవు ఉండదు. దారి ఉన్నా లేకున్నా రోజుకు రెండుసార్లు పిండాల్సిందే. పాడి చేసే ఏ రైతుకైనా ఆ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. కప్పు కూలకూడదనే తుఫాను ఆగగానే వాళ్లు కింద నిలబడి పొడవాటి కర్ర పార లాంటి దానితో కప్పు అంచుల నుంచి మంచు లాగేస్తారు. నిచ్చెన ఎక్కడం కంటే అది మేలు.

కరెంటు పోవడం మామూలు. పల్లెలో కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, అంటే నీళ్లూ పోతాయి. చుట్టూ ఉన్నదంతా నీరే కదా, కరిగించుకుంటే పోలేదా? ఒక కిలో మంచు కరగడానికి పట్టే వేడితో అంతే బరువున్న సున్నా డిగ్రీల నీటిని 80 డిగ్రీల దాకా కాచొచ్చు. పెద్ద బకెట్ నిండా గుల్ల మంచు నింపి కరిగిస్తే అడుగున చెంబుడు నీళ్లు మిగులుతాయి. దారిలో ఇరుక్కున్నవాళ్లు దాహానికి మంచు తినకూడదనేది ఇందుకే. దాన్ని కరిగించే వేడి ఒంట్లో నుంచే పోవాలి. మరుగుదొడ్డిలో పోయడానికి ముందే టబ్బు నింపి పెట్టుకోవడం అక్కడి అలవాటు. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు చల్లదనం నిలుస్తుంది. తినే వస్తువుల్ని బయట మంచులో పెడితే ఎండ తగలొచ్చు, జంతువులు ముట్టొచ్చు. గిన్నెల్లో నీళ్లు బయట పెట్టి గడ్డకట్టాక తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

మంచు తవ్వడం దగ్గర చాలామంది పొరబడతారు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో మూడు దశాబ్దాల ఆసుపత్రి రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 20 సెంటీమీటర్ల మంచు పడిన మర్నాడు గుండెపోటుతో చనిపోయే మగవాళ్ల సంఖ్య 34 శాతం ఎక్కువ ఉన్నట్టు తేలింది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. చేతులతో బరువెత్తే పని గుండెను కాళ్ల పనికంటే ఎక్కువ పరుగెత్తిస్తుంది. కూర్చుని చేసే ఉద్యోగాల్లో ఉన్న నలభై ఏళ్లు దాటినవాళ్లు పొద్దున్నే లేచి ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఆదరాబాదరా తవ్వడం మంచిది కాదు. కొద్దికొద్దిగా, ఎత్తకుండా తోస్తూ, మధ్యమధ్య లోపలికి వచ్చి కూర్చుంటూ తవ్వాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు పార ముట్టనే వద్దు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. గ్యాస్, పెట్రోలు, కట్టె, బొగ్గు ఏది సరిగా మండకపోయినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం మెదడుకు చేరదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. మంచు పట్టిన ఇంట్లో జలుబో, ఫ్లూనో అనుకుని మనిషి పడుకుంటాడు, లేవడు. మన దగ్గర చలికి తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవాళ్లు చనిపోయేదీ దీనితోనే.

అమెరికా ఇళ్లలో గది వేడి చేసే ఫర్నేసు పొగ చాలాచోట్ల పక్కగోడలోంచి చిన్న ప్లాస్టిక్ గొట్టం ద్వారా బయటికి పోతుంది. అది నేలకు ఒకటి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది. మంచు దిబ్బ పేరుకునేది సరిగ్గా అక్కడే. గొట్టం మూసుకుంటే కొత్త ఫర్నేసుల్లో ఒక స్విచ్ మంటను ఆపేస్తుంది, ఇల్లు చల్లబడుతుంది. ఆ స్విచ్ పాడైతే, ఫర్నేసు పాతదైతే విషవాయువు ఇంట్లోకే తిరుగుతుంది. కరెంటు పోయిందని జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టి నడిపేవాళ్లు, వెచ్చదనానికి గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచిపెట్టేవాళ్లు, బార్బిక్యూ బొగ్గుల పొయ్యి లోపలికి తెచ్చుకునేవాళ్లు ప్రతి పెద్ద తుఫానులోనూ ఉంటారు. కారు కూడా అంతే ప్రమాదం. 2016 జనవరిలో న్యూజెర్సీలో ఒక తండ్రి కారు చుట్టూ మంచు తవ్వుతూ, చలి తగలకూడదని బిడ్డల్నీ, వాళ్ల తల్లినీ లోపల కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్ చేశాడు. వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. అడుగుల దూరంలో ఆయన తవ్వుతూ ఉండగానే కారులో తల్లి, ఏడాది బాబు ప్రాణాలు పోయాయి. 2022 డిసెంబరులో క్రిస్మస్ రోజుల్లో బఫలో, దాని చుట్టుపక్కల ముప్పై గంటలకు పైగా ఆగని తుఫానులో 40 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా, కార్లలో చిక్కుకుపోయినవాళ్లు, వేడి ఆగిన ఇళ్లలో ఉన్నవాళ్లు, మంచు తవ్వుతూ గుండె ఆగినవాళ్లు ఆ లెక్కలో ఉన్నారు. అంబులెన్సు వాళ్ల దాకా రాలేకపోయింది.

బఫలో, సిరాక్యూజ్, రోచెస్టర్ విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు. న్యూజెర్సీలో, మిషిగన్‌లో, ఒహాయోలో మనవాళ్ల ఇళ్లు వేలల్లో ఉన్నాయి. చిన్నప్పుడు మంచు చూడని పిల్లలు అక్కడ మొదటి చలికాలంలో మంచులో ఆడుకున్న ఫోటోలు పంపితే మనం మురిసిపోతాం. ఈసారి ఫోన్ చేసినప్పుడు నాలుగు సంగతులు అడగండి. పడుకునే గది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని. ఫర్నేసు గొట్టం బయట ఎక్కడ ఉందో తెలుసా, మంచు పడ్డ ప్రతిసారీ ముందు దాని చుట్టూ తవ్వుతున్నారా అని. జనరేటర్ ఉంటే ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టమని చెప్పండి. కారు స్టార్ట్ చేసే ముందు దిగి వెనక్కి వెళ్లి పొగగొట్టం చుట్టూ మంచు తీసేయమని, దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడవకుండా, పొగగొట్టం శుభ్రం చేసుకుని గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడుపుకుని, గాలి కొట్టని వైపు కిటికీ కొద్దిగా దించుకోమని చెప్పండి. తుఫాను హెచ్చరిక వస్తే ఆఫీసు పోయినా, క్లాసు పోయినా ఇంట్లోనే ఉండమనండి. ఆ అలారం ఇరవై, ముప్పై డాలర్లకు దొరుకుతుంది. లేకపోతే ఈ వారమే కొనిపించండి.